చలిగాలిలో కాగిపోవు ఇంజను

మార్చి నెల ఎండలో హాలహర్వి నుండి ఆదోని మార్కెట్టుకు ప్రత్తి బోరెములు నింపుకొని పోవు ట్రాక్టరు ఒక్కొక్కప్పుడు దారిలో ఆగిపోవును. డ్రైవరు బానెటు ఎత్తి చూచును. రేడియేటరు మూత వద్ద ఆవిరి బుసకొట్టుచుండును. ఆ మూతను వెంటనే తీయరాదని అనుభవము గలవాడు ఎరుగును. బండిని నీడకు చేర్చి, వేడి తగ్గినదాక ఆగి, తరువాత నీరు పోయును. బరువు ఎక్కువ, వేగము తక్కువ, బయటి గాలి వేడి. ఇంజను కాగుటకు ఈ మూడును చాలును. ఇందులో వింత ఏమియు లేదు.

వింత మరియొకచోట కలదు. హైస్కూలు విద్యార్థులలో కొందరు నేడు కంప్యూటరు మీద పాతకాలపు యుద్ధవిమానములను నడుపుట నేర్చుచున్నారు. నిజమైన విమానమువలె నడచునట్లు గణితసూత్రములతో కట్టిన ఈ ఏర్పాటును ఫ్లైట్ సిమ్యులేటరు అందురు. విద్యార్థి స్పిట్‌ఫైర్ విమానమును ఎన్నుకొని, థ్రాటిల్ లివరును చివరివరకు త్రోసి, ముక్కు పైకెత్తి, 16,000 అడుగుల ఎత్తునకు పోవును. అక్కడ గాలి ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 17 డిగ్రీలు. అయినను తెరమీది ఉష్ణమాపకపు ముల్లు ఎఱ్ఱగీతను దాటును. ఇంజను పొగ క్రక్కి ఆగిపోవును. మంచుకంటె చల్లని గాలిలో పోవు ఇంజను ఎట్లు కాగినది? తప్పు విద్యార్థిదా, సిమ్యులేటరుదా, లేక ప్రకృతియే ఇట్లున్నదా?

ఈ ప్రశ్నను విప్పుటకు రెండు సంగతులు తెలియవలెను. ఇంజనులోనికి గాలి ఎట్లు పోవుచున్నది అనునది మొదటిది. ఇంజను నుండి వేడి ఎట్లు బయటికి పోవుచున్నది అనునది రెండవది. మొదటి సంగతిని హైదరాబాదు పేరు ధరించిన విమానదళముల చరిత్ర చక్కగా చూపును.

1918లో బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రను ఫ్రాన్సు యుద్ధరంగమునకు పోయినపుడు, దాని డి.హెచ్. 9ఎ విమానములు నిజాము కానుకగా ఇచ్చినవి. అందుచేత దానికి హైదరాబాదు స్క్వాడ్రను అను పేరు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున నిజాము విరాళమును పురస్కరించుకొని 152వ, 253వ స్క్వాడ్రనులకు కూడ హైదరాబాదు పేరు పెట్టిరి. 1940లో బ్రిటను మీద జరిగిన గగనయుద్ధమున 152వ స్క్వాడ్రను స్పిట్‌ఫైర్లతోను, 253వ స్క్వాడ్రను హరికేనులతోను పోరాడినవి. 152వ స్క్వాడ్రను చిహ్నము మీద నేటికిని నిజాము తలపాగా బొమ్మను చూడవచ్చును. ఈ కానుకలకు మూలమైన బొక్కసమును నింపినవారిలో తెలుగు రైతులును కలరు. ఆదోని సీమ మాత్రము 1800 సంవత్సరముననే నిజాము చేతినుండి కంపెనీవారికి పోయినది గనుక, ఆ సీమవారి శిస్తుకు ఇందులో పాలు లేదు.

1918 నాటి డి.హెచ్. 9ఎ లో ఉన్నది లిబర్టీ ఇంజను. నేలమీద దాని బలము 400 అశ్వశక్తులు. ఏ ఇంజనైనను ప్రతి చుట్టునందును తన సిలిండరులు పట్టినంత గాలినే పీల్చగలదు. అది ఘనపరిమాణమును కొలిచి పీల్చును, బరువును చూడదు. పెట్రోలు మండుటకు కావలసినది మాత్రము గాలి బరువే. 16,000 అడుగుల ఎత్తున గాలి పీడనము సముద్రమట్టమున ఉన్నదానిలో 54 శాతము, సాంద్రత 61 శాతము. కావున ఆ ఎత్తున లిబర్టీ ఇంజను సగమునకు కొంచెము మించిన బలమును, లెక్కకు సుమారు 220 అశ్వశక్తులను మాత్రమే ఈయగలదు. ఇట్టి ఇంజనుకు పైన పనియు తక్కువ, వేడియు తక్కువ.

ఈ లోపమును సరిచేయుటకు వచ్చినదే సూపర్‌ఛార్జరు. కమ్మరి కొలిమి వద్ద చేతితో త్రిప్పు ఫంకాను చూచినవారికి దీని స్వరూపము క్రొత్త కాదు. ఱెక్కలు గల చక్రము నడిమి భాగమున గాలిని తీసికొని, గిరగిర త్రిప్పి, అంచునుండి విసరివేయును. ఆ వేగము చుట్టునున్న గూటిలో ఒత్తిడిగా మారును. 1940లో ఆ రెండు స్క్వాడ్రనుల విమానములలోను ఉన్నది రోల్స్-రాయిస్ వారి మెర్లిన్ 3 ఇంజను. దాని సూపర్‌ఛార్జరు చక్రము వ్యాసము 10.25 అంగుళములు. ఇంజను ఇరుసు ఒక చుట్టు తిరుగునప్పటికి ఈ చక్రము 8.588 చుట్లు తిరుగును. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు చక్రము 25,700 చుట్లకు పైగా తిరుగుచుండును. అంచు వేగము ఎంత? ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఈయవచ్చును. సెకనుకు సుమారు 350 మీటర్లు వచ్చును. అది మామూలు గాలిలో శబ్దవేగమును మించినది.

బ్రిటిషు విమానములలో సూపర్‌ఛార్జరు ఇచ్చు ఒత్తిడిని బూస్టు అందురు. సముద్రమట్టపు వాతావరణ పీడనమునకు పైన చదరపు అంగుళమునకు ఎన్ని పౌనులు అధికముగా ఉన్నదో బూస్టు ముల్లు చూపును. మెర్లిన్ 3 చక్రము నేల దగ్గర పూర్తి వేగముతో తిరిగి, దారిలో అడ్డు లేకున్నచో, బూస్టు +17 పౌనుల వరకు పోగలదు. కాని 87 ఆక్టేను పెట్రోలుతో ఆ ఇంజను తాళగలిగినది +6.25 పౌనులు మాత్రమే. అంతకు మించినచో సిలిండరులోని మిశ్రమము ఒక కొననుండి క్రమముగా మండుటకు బదులు ఒక్కుమ్మడి ప్రేలును. దీనిని డిటొనేషను అందురు. మోటారు సైకిలులో అయినచో సుత్తితో కొట్టినట్లు చప్పుడు వినబడును. విమానపు హోరులో అదియు వినబడదు. పిస్టను తల కరగి చిల్లు పడిన తరువాతనే సంగతి తెలియును.

కాబట్టి నేల దగ్గర ఒక స్వయంచాలక యంత్రము థ్రాటిల్ కవాటమును చాలవరకు మూసియే ఉంచును. పైలటు లివరును చివరివరకు త్రోసియున్నను లోపలి కవాటము తెరచుకొనదు! విమానము పైకి పోయినకొలది బయటి గాలి పలుచనగును. ఆ లోటు తీర్చుటకు కవాటము కొంచెము కొంచెముగా తెరచుకొనును. అందుచేత మెర్లిన్ 3 నేలనుండి లేచునపుడు 880 అశ్వశక్తులు ఇచ్చి, 16,250 అడుగుల ఎత్తున 1,030 అశ్వశక్తులు ఈయగలిగెను. లిబర్టీ ఇంజను పైకి పోయి బలహీనపడగా, ఇది పైకి పోయి బలపడినది.

16,250 అడుగుల వద్ద కవాటము పూర్తిగా తెరచుకొనును. ఇంక తెరచుటకు ఏమియు మిగలదు. దీనిని పూర్తి థ్రాటిల్ ఎత్తు అనవచ్చును. అక్కడినుండి పైకి పోయినచో బూస్టు ముల్లు దిగుట ప్రారంభించును, బలమును దానితో తగ్గును. సిమ్యులేటరులో ఇది చూచి ఇంజను చెడినదని భ్రమపడువారు పెక్కుమంది. 1940లో 100 ఆక్టేను పెట్రోలు వచ్చిన తరువాత, ఆపదవేళ +12 పౌనుల బూస్టును వాడుటకు వీలు కలిగెను. బలము 1,300 అశ్వశక్తులను దాటినది. కాని అంత ఒత్తిడిని ఆ చక్రము సుమారు 9,000 అడుగుల వరకే నిలుపగలిగెను.

ఇప్పుడు వేడి సంగతి. సైకిలు పంపుతో గాలి కొట్టినవారు పంపు కొన వేడెక్కుటను ఎరుగుదురు. గాలిని ఒత్తినచో అది వేడెక్కును. సూపర్‌ఛార్జరు చక్రము గాలికి ఇచ్చు వేడి ముఖ్యముగా అంచు వేగము మీద ఆధారపడును. ఆ ఒత్తిడి మనకు కావలెనా, అక్కరలేదా అను దానితో దానికి పని లేదు. మెర్లిన్ 3 విషయమున ఈ పెరుగుదల లెక్కకు నూరు డిగ్రీల చేరువ. నేల దగ్గర సగము మూసిన కవాటమునుండి పోయిన గాలికిని ఈ నూరు డిగ్రీలు తప్పవు. కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగునపుడు సుమారు 25 డిగ్రీలు చల్లబడుట ఒక మేలు. అయినను మే నెలలో 42 డిగ్రీల గాలి పీల్చినచో సిలిండరు చేరు మిశ్రమము నీరు మరగు వేడిమిని దాటి ఉండును. అదే ఇంజను 16,000 అడుగుల చలిలో పీల్చిన గాలి 60 డిగ్రీల చుట్టుపట్ల ఉండును. డిటొనేషను భయము క్రిందనే ఎక్కువ అని దీనివలన తేలుచున్నది.

ఇట్లయినచో నేల దగ్గర చక్రమును మెల్లగా త్రిప్పి, పైకి పోయిన తరువాత వేగముగా త్రిప్పిన మేలు కాదా? మేలే. హరికేను 2 లో వచ్చిన మెర్లిన్ 20 ఇంజనుకు రెండు గేరులు ఉండెను. పైలటు చేతితో మార్చవలెను. సిమ్యులేటరులో దీనిని నడుపువారు చేయు సామాన్యమైన తప్పు, పై గేరు మంచిది గదా అని తొందరపడి క్రిందనే దానిని వేయుట. బలము పెరుగుటకు బదులు తగ్గును, ఏలయన చక్రమును త్రిప్పుటకే ఇంజను అధికముగా శ్రమించును. గాలి మాత్రము మరింత కాగును. జర్మనులు మెసర్‌ష్మిట్ 109 లోని డైమ్లర్-బెంజ్ 601 ఇంజనులో గేరులకు బదులు నూనెతో నడచు కలపడమును పెట్టి, చక్రపు వేగము ఎత్తును బట్టి క్రమముగా పెరుగునట్లు చేసిరి.

రోల్స్-రాయిస్ వారు వేరొక దారి పట్టిరి. 1938లో ఆ కంపెనీలో చేరిన స్టాన్లీ హుకర్ గణితము, ద్రవగతిశాస్త్రము చదివినవాడు. ఆయన సూపర్‌ఛార్జరు గాలిదారులను లెక్కలతో సరిదిద్దెను. తరువాత రెండు చక్రములను ఒకదాని వెనుక ఒకటి పెట్టిన మెర్లిన్ 60 తరగతి ఇంజనులు వచ్చినవి. 1944లో బర్మా సరిహద్దున పోరాడిన 152వ హైదరాబాదు స్క్వాడ్రను వాడిన స్పిట్‌ఫైర్ 8 ఈ తరగతి ఇంజను గలదే. వీనిలో మెర్లిన్ 66 అనునది సుమారు 16,000 అడుగుల ఎత్తున కూడ +18 పౌనుల బూస్టును నిలుపగలదు. అక్కడి బయటి పీడనము చదరపు అంగుళమునకు 8 పౌనులు. లోపల కావలసినది 14.7 కు 18 కలిపి 32.7 పౌనులు. అనగా గాలిని నాలుగురెట్లు ఒత్తవలెను. లోపములేని యంత్రమైనను గాలి దీనితో సుమారు 127 డిగ్రీలు వేడెక్కును. నిజమైన యంత్రమున ఇంకను ఎక్కువ. ఆ వేడితోనే సిలిండరులోనికి పంపినచో ఇంజను నిలువదు. కావున చక్రములకును సిలిండరులకును నడుమ ఒక శీతలకమును పెట్టి, ఆ వేడిని ప్రత్యేకమైన ద్రవముతో బయటికి తెచ్చి, ఱెక్క క్రింద గాలిలో వదలిరి. బయట చలి ఉన్నను లోపల వేడి ఎందుకు పుట్టునో ఇప్పుడు స్పష్టము. ఎత్తున తన బలమును నిలుపుకొను ఇంజను తన వేడిని కూడ నిలుపుకొనును.

ఇక రెండవ సంగతి: ఈ వేడి పోవు దారి. అడుగున చిల్లి గల కుండలో కుళాయి నీరు పడుచున్నదని అనుకొందము. నీటిమట్టము పెరిగినకొలది చిల్లినుండి పోవు నీరును పెరుగును. పడునది, పోవునది సమానమైనచోట మట్టము నిలుచును. ఇంజను ఉష్ణోగ్రత ఇట్టిదే. కుళాయి ఇంజను పని, చిల్లి రేడియేటరు. రేడియేటరు నుండి పోవు వేడి ముఖ్యముగా మూడు విషయములను బట్టి యుండును: దాని గుండా పోవు గాలి వేగము, ఆ గాలి సాంద్రత, ద్రవమునకును గాలికిని గల ఉష్ణోగ్రతాభేదము.

ద్రవము 105 డిగ్రీల వద్ద ఉన్నదనుకొందము. ఇంగ్లండులో 15 డిగ్రీల గాలికి భేదము 90. కర్నూలు జిల్లా వేసవిలో 42 డిగ్రీల గాలికి భేదము 63 మాత్రమే. చల్లబరచు శక్తిలో మూడవవంతుకు కొంచెము తక్కువ పోయినది. 16,000 అడుగుల వద్ద భేదము 122 కు పెరుగును, కాని సాంద్రత 61 శాతమే గనుక గుణించినచో 74 వచ్చును. అనగా అదే వేగముతో పోవు విమానమునకు ఆ చలిగాలి, సముద్రమట్టమున ఉన్న 15 డిగ్రీల గాలికంటె తక్కువగా చల్లబరచును! చల్లనిదే గాని పలుచనిది. దీనికి తోడు ముక్కు పైకెత్తి ఎక్కునపుడు స్పిట్‌ఫైర్ వేగము సమతలమున పోవు గరిష్ఠవేగములో సుమారు సగము. కుళాయి పూర్తిగా విప్పి, చిల్లిని సగము మూసినట్లయినది. ట్రాక్టరుకు ఇంజనుతోబాటు తిరుగు ఫ్యాను కలదు. స్పిట్‌ఫైర్‌కు ఆ మాత్రము ఆధారమును లేదు. నేలమీద దానికి చిక్కు మరింత ఎక్కువ. ఱెక్క క్రింది రేడియేటరుకు ప్రొపెల్లరు గాలి సరిగా తగలదు గనుక, ఇంజను ఆడించి చాలసేపు నిలిపినచో ఎగురకముందే కాగును. హరికేనుకు రేడియేటరు పొట్ట క్రింద, ప్రొపెల్లరు గాలి దారిలో ఉండుట ఒక సుఖము.

నీరు ఎత్తున త్వరగా మరుగుట మరియొక చిక్కు. ఆదోని ప్రాంతము సముద్రమట్టమునకు 400 మీటర్లకు పైన ఉన్నందున అక్కడి పొయ్యిమీది నీరు 100 డిగ్రీలకు ఒకటిన్నర డిగ్రీ తక్కువలోనే మరుగును. 16,000 అడుగుల వద్ద 84 డిగ్రీలకే మరుగును. అందుకే మొదటి మెర్లిన్‌లలో నీటికి బదులు గ్లైకాల్ పోసిరి; తరువాతివానిలో 70 పాళ్ళ నీటికి 30 పాళ్ళ గ్లైకాల్ కలిపి, ఒత్తిడిలో బిగించి ఉంచిరి.

పైలట్లకు ఇచ్చిన పుస్తకములో మెర్లిన్ 66 కు హద్దులు ఇట్లున్నవి: +18 పౌనుల బూస్టు, 3,000 చుట్లు, ద్రవము 135 డిగ్రీల వరకు, అయిదు నిమిషములు, +12 పౌనులు, 2,850 చుట్లు, 125 డిగ్రీలు, ఒక గంట, +7 పౌనులు, 2,650 చుట్లు, 105 డిగ్రీలు, ఎంతసేపైనను. ఈ అయిదు నిమిషముల మాట చాల అపార్థములకు కారణమైనది. ఆరవ నిమిషమున ఇంజను ప్రేలునని దాని అర్థము కాదు. అంత ఒత్తిడిలో బేరింగులు, పిస్టనులు త్వరగా అరుగును గనుక, ఇంజను తన ఆయుర్దాయము పూర్తిగా నడువవలెనన్న ఈ మితము పాటింపవలెనని మాత్రమే. 1940లో బ్రిటిషు ఫైటర్ కమాండు అధిపతి డౌడింగ్, ఆపద లేనిచోట +12 పౌనుల బూస్టును వాడుచున్నారని, ఇంజనులు దెబ్బతినుచున్నవని తన పైలట్లను హెచ్చరింపవలసి వచ్చెను. వారు హద్దు దాటుచుండిరనియు, దాటినవారిలో పలువురు క్షేమముగా తిరిగి వచ్చుచుండిరనియు ఈ హెచ్చరికయే చెప్పుచున్నది. శత్రువు వెనుక తరుముచుండగా అయిదవ నిమిషమున లివరు వెనుకకు లాగుకొనువాడు ఎవడు?

సిమ్యులేటరులు వ్రాయువారిలో కొందరు ఈ అయిదు నిమిషములను గడియారముగా మార్చిరి. హద్దు దాటిన క్షణమునుండి లెక్కపెట్టి, సమయము తీరగానే ఇంజనును చెడగొట్టుదురు. ఇది సులభము, కాని ప్రకృతి ఇట్లు లెక్కపెట్టదు. 2001లో వచ్చిన ఐ.ఎల్-2 స్టుర్మోవిక్ అను ప్రసిద్ధమైన సిమ్యులేటరులో ఇంజను కాగినపుడు తెరమీద హెచ్చరిక అక్షరములు కనబడెడివి. నిజమైన విమానమున చెప్పువాడు లేడు, పైలటే ముల్లును చూడవలెను. కుండ లెక్కను పాటించునవియు కలవు. ఎవరైనను ఉచితముగా తీసికొని వాడదగిన ఫ్లైట్‌గేర్ అను సిమ్యులేటరులో జె.ఎస్.బి.సిమ్ అను గణితభాగము కలదు. అది ఇంధనము మండుటవలన సిలిండరు తలకు వచ్చు వేడిని, దానిమీదుగా వీచు గాలి తీసికొనిపోవు వేడిని, గాలి వీచకున్నను దానంతట అది పోవు వేడిని క్షణక్షణము కూడి తీసివేసి, తల ఉష్ణోగ్రతను తేల్చును. దాని సూత్రములు దాపరికము లేక అందరికిని అందుబాటులో ఉన్నవి. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

విద్యార్థి తాను వాడు సిమ్యులేటరును తానే పరీక్షింపవచ్చును. పాత హరికేను వంటి విమానమును తీసికొనవలెను. ఏలయన స్పిట్‌ఫైర్ 9 లో రేడియేటరు తలుపు 115 డిగ్రీల వద్ద తనంతట తాను తెరచుకొనును, లెక్క చెడును. తలుపును ఒకచోట బిగించి, బూస్టు, వేగము, ఎత్తు మారకుండ సమతలమున పోవుచు, ద్రవపు ఉష్ణోగ్రతను నిమిషమునకొకసారి కాగితము మీద వ్రాసికొనవలెను. మొదట త్వరగా పెరిగి, రానురాను నెమ్మదించి, ఒకచోట నిలిచినచో లోపల కుండ లెక్క ఉన్నది. నిలిచినట్లుండి అకస్మాత్తుగా ఇంజను చెడినచో అక్కడ ఉన్నది గడియారము. పిమ్మట బయటి గాలి ఉష్ణోగ్రతను 25 డిగ్రీలు పెంచి, తక్కినవన్నియు అట్లే ఉంచి, మరల చూడవలెను. ద్రవము నిలుచు ఉష్ణోగ్రతయు ఇంచుమించు 25 డిగ్రీలు పెరుగవలెను.

మరియొక పరీక్ష దీనికంటె కఠినమైనది. 2021లో ప్రారంభమైన ఓర్వకల్లు విమానాశ్రయమునుండి, ఒకసారి చల్లని రోజున, ఒకసారి 25 డిగ్రీలు ఎక్కువ వేడిగల రోజున, అదే విమానమును పైకి ఎక్కించి, బూస్టు ముల్లు ఏ ఎత్తున దిగుట ప్రారంభించునో గుర్తింపవలెను. వేడిగాలిని ఒత్తుట కష్టము. అదే వేగముతో తిరుగు చక్రము చల్లని గాలికంటె వేడిగాలిని తక్కువ రెట్లు ఒత్తగలదు. మెర్లిన్ 3 కొలతలతో లెక్క కట్టినచో ఈ భేదము సుమారు 7 శాతము. ఎత్తులో చెప్పవలెనన్న సుమారు 1,800 అడుగులు. ఎత్తుమాపకమును రెండుసార్లును ఒకే గుర్తు మీద ఉంచవలెను. వేడిరోజున ముల్లు అన్ని అడుగులు క్రిందనే దిగనారంభించినచో ఆ సిమ్యులేటరు సూపర్‌ఛార్జరును నిజముగా త్రిప్పుచున్నది. రెండు రోజులును 16,250 అడుగుల వద్దనే దిగినచో, అది పట్టికలో వ్రాసియున్న అంకెను చదివి చెప్పుచున్నది.